రోజమండ్ అరుపు ఎంతదూరం వినిపిస్తుంది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో పెట్టుకుంటాను. ఎం.ఏ. ఇంగ్లీషు డిసర్టేషన్‌కి ఆంగ్ల రచయిత్రి మార్గరెట్ డ్రాబుల్ నవల ‘ది మిల్‌స్టోన్’ తీసుకున్నారు. గైడుగారేమో “చదువుకున్న అమ్మాయి బిడ్డను కని, ఆ బిడ్డే లోకం అనుకుంది. ఇందులో ఫెమినిజం ఏముంది?” అన్నారు. లైబ్రరీలో దొరికిన విమర్శ పుస్తకాల్లో ఒకటి ఈ నవలను ఆకాశానికెత్తింది, ఇంకొకటి తల్లితనాన్ని నెత్తిన పెట్టుకుందని తిట్టింది. కథానాయిక రోజమండ్ ఫెమినిస్టు అని నిరూపించాలా, కాదని ఒప్పుకోవాలా, ఏ థియరీ పట్టుకోవాలి అని టెన్షన్ పడుతున్నారు.

ఈ నవలను నేను ఇరవై ఏళ్ళకు పైగా పాఠం చెప్పాను. మొదటి అయిదారేళ్ళు తప్పుగానే చెప్పాను. క్లాసుకి వెళ్ళగానే బోర్డు మీద ‘రోజమండ్ ఫెమినిస్టా?’ అని రాసి, మధ్యలో గీత గీసి, ఎడమవైపు అవుననడానికి కారణాలు, కుడివైపు కాదనడానికి కారణాలు చెప్పమనేదాన్ని. పిల్లలు చకచకా నింపేవాళ్ళు. పరీక్షల్లో మార్కులూ బాగానే వచ్చేవి. కాకపోతే ఆ పట్టిక పూర్తయ్యేసరికి బోర్డు మీద నవల మిగిలేది కాదు. స్త్రీవాద విమర్శ అంటే హీరోయిన్‌కి క్యారెక్టర్ సర్టిఫికెట్ రాసివ్వడం అని మేమందరం అనుకున్నాం. మీ గైడుగారు అడిగిన ప్రశ్న కూడా ఆ సర్టిఫికెట్ ప్రశ్నే. దానికి జవాబు చెప్పే పని పెట్టుకోకండి.

కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. రోజమండ్ స్టేసీ లండన్‌లో మొదటి ఎలిజబెత్ రాణి కాలపు సానెట్ల (పద్నాలుగు పాదాల కవితల) మీద పీహెచ్‌డీ చేస్తుంటుంది. తల్లిదండ్రులు ఆఫ్రికా వెళ్ళారు కాబట్టి వాళ్ళ పెద్ద ఫ్లాట్‌లో అద్దె లేకుండా ఉంటుంది. ఇద్దరు మగవాళ్ళతో సినిమాలకీ భోజనాలకీ తిరుగుతుంటుంది. ఆమె ఆ రెండోవాడితో పడుకుంటోందని ఒక్కొక్కడూ అనుకుంటాడు, నిజానికి ఆమె ఎవరితోనూ లేదు. బీబీసీలో అనౌన్సరుగా చేసే జార్జ్‌తో ఒకే ఒక్కసారి దగ్గరవుతుంది. గర్భం వస్తుంది. అతనికి చెప్పదు. ఆడపిల్ల పుడుతుంది, ఆక్టేవియా అని పేరు పెడుతుంది. కొన్ని నెలలకే పాప గుండెలో లోపం ఉందని తెలుస్తుంది. ఆపరేషన్ జరుగుతుంది, పాప బతుకుతుంది. ఈలోగా థీసిస్ కూడా పూర్తవుతుంది. చివర్లో క్రిస్మస్ ముందురోజు రాత్రి మందుల షాపులో జార్జ్ ఎదురవుతాడు. ఇంటికి తీసుకొచ్చి, నిద్రపోతున్న పాపను చూపిస్తుంది. నీ బిడ్డ అని మాత్రం చెప్పదు.

నవల 1965లో వచ్చింది. డ్రాబుల్‌కి అది మూడో నవల, అప్పటికి ఆవిడకు పాతికేళ్ళు దాటాయంతే. ఈ తేదీని మీ మొదటి చాప్టర్‌లో గట్టిగా పట్టుకోవాలి. బ్రిటన్‌లో గర్భస్రావాన్ని కొన్ని షరతుల మీద అనుమతించిన చట్టం 1967లో వచ్చింది, అమలు మొదలైంది 1968 ఏప్రిల్‌లో. అంతకుముందు 1861 నాటి చట్టం ప్రకారం అది నేరం. గర్భనిరోధక మాత్ర 1961లో వచ్చినా అది మొదట పెళ్ళయినవాళ్ళ కోసమే. పెళ్ళికాని తల్లులు బిడ్డను దత్తతకు ఇచ్చేయడం అప్పట్లో ఎంత మామూలంటే, ఇంగ్లండ్‌లో దత్తతల సంఖ్య శిఖరానికి చేరింది 1968లోనే. రోజమండ్ అక్క కూడా ఉత్తరం రాసి ఆ సలహానే ఇస్తుంది. ఇక ఆక్స్‌ఫర్డ్‌లోని రస్కిన్ కాలేజీలో బ్రిటన్ మొదటి మహిళా విముక్తి సదస్సు జరిగింది 1970లో. అంటే ఈ నవల వచ్చేనాటికి మనం ఇప్పుడు వాడే మాటలు చాలావరకు పుట్టలేదు. 1965 పుస్తకాన్ని 1975 నినాదాలతో కొలిచి పొట్టిగా ఉందనడం అన్యాయం.

‘ఫెమినిస్టు’ అన్న పదం నవలలో అసలు లేదని కాదు. మా అమ్మ గొప్ప ఫెమినిస్టు, నన్ను మగవాళ్ళతో సమానంగా పెంచింది, కాబట్టి నేను సమానమే అని రోజమండ్ ఒకచోట అంటుంది. ఆ మాటల తీరు చూడండి. ఆమెకు ఫెమినిజం అమ్మావాళ్ళింట్లో బీరువా లాంటిది. పుట్టినప్పటి నుంచీ గదిలో ఉంది, తాను కొనలేదు, తలుపు తీసి లోపల ఏముందో చూడలేదు. సమానత్వం వచ్చేసిందనే నమ్మకంతో పెరిగిన మొదటి తరం ఆమెది. ఆ నమ్మకానికి కడుపు వస్తే ఏమవుతుంది అన్నదే నవల నడిపే ప్రయోగం.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. రోజమండ్ అభిప్రాయాల్లో ఈ నవల ఫెమినిజం వెతికితే మీకు దొరకదు. ఆమె మర్యాద ఎక్కడెక్కడ పగిలిందో అక్కడ వెతకండి.

ఆమే కథ చెప్తుంది కదా. మొదటి వాక్యంలోనే తన జీవితాన్ని ధైర్యమూ పిరికితనమూ కలిసిన వింత మిశ్రమం అంటుంది. వెంటనే ఉదాహరణ: పందొమ్మిదేళ్ళప్పుడు ఒకబ్బాయితో, పెళ్ళయినవాళ్ళలా, హోటల్ గది తీసుకోబోయి, రిజిస్టర్‌లో పొరపాటున తన సొంత ఇంటిపేరే రాసేసింది. అందరూ దీన్ని నవ్వుకుని దాటేస్తారు. మీరు దాటకండి. భార్యగా నటించడానికి మనసు ఒప్పుకున్నా చెయ్యి ఒప్పుకోలేదు. నవలంతా ఇదే పద్ధతి. ఆమె సరదాగా, తెలివిగా, తన మీద తానే జోకులు వేసుకుంటూ చెప్పుకుపోతుంది. ఎవరికీ ఇబ్బంది కలిగించకూడదు, ఎవరినీ ఏమీ అడగకూడదు అన్నది ఆమె పెంపకం. కాబట్టి ఆమె నవ్విస్తున్నప్పుడల్లా మీరు ఒక్క క్షణం ఆగి, ఇక్కడ నవ్వు లేకపోతే ఏముండేది అని అడగాలి.

జిన్ సీసా సంగతే తీసుకోండి. జిన్ తాగి మరుగుతున్న నీళ్ళలో కూర్చుంటే గర్భం పోతుందని ఎక్కడో విన్న మాట పట్టుకుని సీసా కొంటుంది. సరిగ్గా అప్పుడే స్నేహితులు ఊడిపడతారు. సీసాలో చాలాభాగం వాళ్ళే ఖాళీ చేస్తారు. వాళ్ళు వెళ్ళాక చూస్తే నీళ్ళు చల్లగా ఉంటాయి. క్లాసులో పిల్లలు పడిపడి నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. కానీ ఆ గదిలో ఏం జరుగుతోంది? మూడు పూటలా పుస్తకాల మధ్య బతికే మనిషి, చట్టం దారి దాదాపుగా మూసేస్తే, నాటువైద్యానికి దిగింది. ఆమె స్నేహితురాలు లిడియా తన గురించి చెప్పే కథ ఇంకా చిత్రం. గర్భం తీయించుకోవడానికి డాక్టరు ఒప్పుకోకపోతే బయటికొచ్చి బస్సు కింద పడిందట, దాంతో గర్భం పోయిందట. ఇలాంటిది నవలలో రాస్తే ఎవరూ నమ్మరు అని వాళ్ళు మాట్లాడుకుంటారు. ఆ మాటను అండర్‌లైన్ చేయండి. స్త్రీల శరీరాలకు నిజంగా జరిగేది నవల మర్యాదలో ఇమడదని ఒక నవలా రచయిత్రి తన పాత్రలచేత చెప్పిస్తోంది. స్త్రీవాద విమర్శకులు తర్వాత పెద్ద పెద్ద పుస్తకాల్లో చెప్పిన సంగతి ఇక్కడ టీ కబుర్లలో దొర్లిపోయింది.

తర్వాత ఆసుపత్రి. నా ఉద్దేశంలో నవలలో సగం బలం ఇక్కడే ఉంది. నేషనల్ హెల్త్ సర్వీస్ 1948లో మొదలైంది, అందరికీ ఉచితం. రోజమండ్ తల్లిదండ్రులు సోషలిస్టులు, ఆమెకు ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్ళడం తప్పనిపిస్తుంది. అలా సిద్ధాంతం కోసం క్యూలో కూర్చుంటుంది. అంతకుముందు ఆమె ఎప్పుడూ కూర్చోని బెంచీ అది. వాచిన కాళ్ళు, రక్తం లేని ముఖాలు, చంకలో ఒకరు చేతికి ఒకరు పిల్లలు. ఒకావిడ తన వంతు రాగానే చేతిలోని బిడ్డను కాసేపు పట్టుకోమని రోజమండ్‌కిచ్చి లోపలికి వెళ్తుంది. బరువుగా, తడిగా, పక్కవాళ్ళ బిడ్డ. నవలలో ఆమె మొదటిసారి ఎత్తుకున్న బిడ్డ తన బిడ్డ కాదు. ఇంకో రోజు ఆమె బల్ల మీద పడుకుని ఉంటే వైద్య విద్యార్థులు ఒకరి తర్వాత ఒకరు పొట్ట నొక్కి నేర్చుకుంటారు. సిబ్బంది ఆమెను ‘మిసెస్ స్టేసీ’ అనే పిలుస్తారు, అది వాళ్ళ మర్యాద. పురుడు వచ్చాక మాత్రం మంచం కాళ్ళ దగ్గర ‘యు’ అనే అక్షరం కనిపిస్తుంది. ఏమిటని అడిగితే ‘అన్‌మ్యారీడ్’ అని అర్థమట. నోటితో మిసెస్, కాగితం మీద యు. ఒక వ్యవస్థ ఆడదాన్ని ఎలా చూస్తుందో చెప్పడానికి ఈ రెండు గుర్తులు చాలు. మీరు ఇక్కడ రెండు పేజీలు రాయొచ్చు.

ఇక అరుపు. ఆపరేషన్ అయింది, పాప గండం గడిచింది. తల్లి చూడ్డానికి వెళ్తే సిస్టర్ ఒప్పుకోదు. తల్లులు వస్తే పిల్లలు కలవరపడతారు, మిగతా పిల్లలకూ ఇబ్బంది, ఇది ఇక్కడి పద్ధతి అంటుంది. రోజమండ్ ముందు మర్యాదగా అడుగుతుంది. మళ్ళీ అడుగుతుంది. అప్పుడు ఉన్నట్టుండి కేకలు పెడుతుంది. గదిలో ఎవరెవరో గుమిగూడతారు, ఆమె ఆపదు. కాసేపటికి మాటలు దొరికినా దొరికింది ఒక్క మాటే: నాకేం పట్టదు, నాకెవరూ పట్టరు. అదే మళ్ళీ మళ్ళీ. చివరికి లోపలికి పంపుతారు. ఆ తర్వాత రోజూ వెళ్ళి కూర్చోడానికి ఒప్పుకుంటారు.

ఇన్నాళ్ళూ సెమీకోలన్లతో, ఉపవాక్యాలతో, జోకులతో మాట్లాడిన మనిషి దగ్గర భాషే అయిపోయింది. అమెరికన్ స్త్రీవాద విమర్శకురాలు ఎలేన్ షోవాల్టర్ 1977లో తన ‘ఎ లిటరేచర్ ఆఫ్ దెయిర్ ఓన్’లో డ్రాబుల్ గురించి రాస్తూ, షార్లెట్ బ్రాంటీ బడిగది నవలా రచయిత్రి అయితే డ్రాబుల్ తల్లితనం నవలా రచయిత్రి అన్న అర్థం వచ్చేలా చెప్పింది. దాన్ని చాలామంది పొగడ్తగానో తిట్టుగానో వాడుకున్నారు. నేను దానికన్నా అమెరికన్ కవయిత్రి ఏడ్రియన్ రిచ్ చేసిన విభజన మీకు ఎక్కువ పనికొస్తుందంటాను. 1976లో వచ్చిన ‘ఆఫ్ వుమన్ బోర్న్’లో ఆమె తల్లితనాన్ని రెండుగా విడదీసింది: స్త్రీ అనుభవించేది ఒకటి, సమాజం దాని చుట్టూ కట్టిన సంస్థ ఇంకొకటి. మొదటిది రెండోదానికి బందీ అయిందని ఆమె వాదన. మీ గైడుగారు “ఆ బిడ్డే లోకం అనుకుంది” అన్నప్పుడు ఆయన ఈ రెంటినీ కలిపేస్తున్నారు. రోజమండ్ మునిగింది మొదటిదాంట్లో. పోట్లాడింది రెండోదానితో. ‘మంచి తల్లి బయట ఓపిగ్గా కూర్చుంటుంది’ అని సంస్థ అంటే, ఈ తల్లి బిల్డింగ్ అదిరేలా అరిచింది. ఈ ఒక్క జవాబు చాలు ఆయనకి.

అయితే మీరు ఇక్కడే ఆగిపోతే నేను మీకు పూర్తి మార్కులు ఇవ్వను.

చాలా ఏళ్ళ క్రితం ఒకసారి ఈ సీను చదివి వినిపించి, నాక్కూడా గొంతు పట్టేసి, పుస్తకం మూశాను. వెనక బెంచీలో ఒకమ్మాయి లేచింది. మామూలుగా క్లాసులో నోరు విప్పని పిల్ల. “మేడమ్, మా అమ్మ కూడా ఆసుపత్రిలో తమ్ముడి కోసం ఇలాగే అరిచింది. వాచ్‌మన్‌ని పిలిచి బయటికి గెంటించారు” అని కూర్చుంది. క్లాసంతా నిశ్శబ్దం. ఆ రోజు ఇంటికెళ్ళి నవలను కొత్తగా చదివాను. అన్నేళ్ళు పాఠం చెప్పి నేను చూడనిది అక్కడే, అచ్చులోనే ఉంది. ఆపరేషన్ చేసిన సర్జన్‌కి రోజమండ్ తండ్రి తెలుసు. ఆమె ఉచ్చారణ పెద్దింటిది, చిరునామా మంచి పేటది. అరిచింది ఆమే, కానీ ఆ అరుపును పిచ్చి అనకుండా బాధ అని విన్నవాళ్ళు ఆమె తరగతివాళ్ళు.

డ్రాబుల్‌కి ఇది తెలియదనుకోకండి. సీను అయిపోగానే ఆసుపత్రిలో ఇంకో తల్లి కలుస్తుంది. ఆవిడకూ పలుకుబడి ఉంది, అందుకే లోపలికి రానిస్తున్నారు. మరి మిగతావాళ్ళ సంగతి అని రోజమండ్ అడుగుతుంది. వాళ్ళ గురించి బెంగపెట్టుకునే ఓపిక నాకు లేదు, నా బిడ్డ నాకు చాలు అంటుంది ఆవిడ. ఇది రోజమండ్ అరుపులోని మాటే, ఈసారి చల్లని గొంతుతో. అరుస్తున్నప్పుడు ‘నాకెవరూ పట్టరు’ అన్నది తిరుగుబాటులా వినిపించింది. కుర్చీలో కూర్చుని ఇంకొకరు అంటే స్వార్థంలా వినిపిస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టింది రచయిత్రే. నవలలో అత్యంత స్త్రీవాద క్షణం, అత్యంత ఒంటరి క్షణం ఒకటే. ఈ ముడిని మీరు విప్పాలని చూడకండి, చూపించండి చాలు.

నవల బయట ఏం జరిగిందో కూడా పెడితే ఈ ముడి ఇంకా బాగా కనబడుతుంది. పిల్లల వార్డుల్లోకి తల్లిదండ్రులను రానివ్వకపోవడం అప్పటి బ్రిటన్‌లో మామూలు. జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో ఒక రెండేళ్ళ పాప ఆసుపత్రిలో ఒంటరిగా గడిపిన రోజుల మీద డాక్యుమెంటరీ తీసి డాక్టర్లకు చూపించాడు. 1959లో, ఆసుపత్రుల్లో పిల్లల బాగోగుల మీద ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ, తల్లిదండ్రులను ఆంక్షలు లేకుండా చూడనివ్వాలని సిఫారసు చేసింది. ఆసుపత్రులు మాత్రం వెంటనే మారలేదు. 1961లో లండన్ బాటర్సీలో కొందరు తల్లులు కలిసి, ఆ సిఫారసును అమలు చేయించడానికి ఒక సంఘం పెట్టుకున్నారు. అంటే రోజమండ్ వార్డు బయట ఒంటరిగా అరిచేనాటికి, అదే ఊళ్ళో ఇంకొందరు తల్లులు మీటింగులు పెట్టి, ఉత్తరాలు రాసి, అదే తలుపు మీద కొడుతున్నారు. ఆ తల్లులు నవలలో లేరు. ఎందుకు లేరు? రోజమండ్‌కి సంఘం అంటే తల్లిదండ్రుల సోషలిజం, అంటే దూరంగా ఉన్న పేదల మీద జాలి. పక్క బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్ళతో కలిసి ఏదైనా చేయొచ్చన్న ఊహ ఆమెకు రాదు. ఆ తడిబిడ్డను ఆమె ఎత్తుకుంది, మళ్ళీ తిరిగి ఇచ్చేసింది. నా లెక్కలో నవల హద్దు అదీ. దీన్ని తిట్టుగా రాయకండి, కొలతగా రాయండి.

తరగతి గురించి ఒక పోలిక కావాలంటే షీలా డెలానీ నాటకం ‘ఎ టేస్ట్ ఆఫ్ హనీ’ చూడండి, 1958. సాల్‌ఫర్డ్‌లో అద్దె గది, పెళ్ళికాని కడుపు, వదిలేసి వెళ్ళే తల్లి. జో అనే ఆ పిల్లకు రోజమండ్‌లా లండన్ మార్లెబోన్‌లో ఫ్లాట్ లేదు, థీసిస్ లేదు. రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ 1929లో, స్త్రీ రాయాలంటే సొంత గదీ, ఏడాదికి అయిదు వందల పౌన్లూ కావాలంది కదా. రోజమండ్‌కి గది దొరికింది. కానీ అది అమ్మానాన్నలది. చివరికి సర్జన్ రాసిన ఉత్తరంతో వాళ్ళకు మనవరాలి సంగతి తెలుస్తుంది. వాళ్ళు ఒక్క మాటా అనకుండా, ఆమె కోసం ఇల్లు వదిలేసి దూరంగానే ఉండిపోతారు. ప్రేమా అది, తప్పించుకోవడమా? నాకిప్పటికీ తేలలేదు. మనవైపైతే అమ్మమ్మ మొదటి బస్సుకే దిగి, తిట్టడం ఒకవైపు, పాపకు నలుగు పెట్టడం ఒకవైపు మొదలుపెట్టేది. ఏది మేలో చెప్పడం కష్టమే.

సానెట్ల సంగతి విమర్శకులు తక్కువగా పట్టించుకుంటారని నాకో ఫిర్యాదు. ఎలిజబెత్ కాలపు సానెట్ మాలల్లో మగకవి మాట్లాడతాడు, ప్రియురాలు మాట్లాడదు. ఆమె కళ్ళు, ఆమె జుట్టు, ఆమె నిర్దయ, అన్నీ అతను చెప్తేనే మనకు తెలుస్తాయి. రోజమండ్ జీవితమంతా చదివేది ఆ మూగబొమ్మల మీద. పైగా శామ్యూల్ డేనియల్ 1592లో తన సానెట్లతో కలిపి ‘ది కంప్లెయింట్ ఆఫ్ రోజమండ్’ అనే పొడుగాటి కవిత అచ్చువేశాడు. రాజుకు ఉంపుడుకత్తె అయి చెడిపోయానని ఒక ఆడదాని దెయ్యం వచ్చి మొరపెట్టుకునే కవిత. పేరు అదే. అక్కడి రోజమండ్ పశ్చాత్తాపపడుతుంది, జాలిపడమని పాఠకులను అడుక్కుంటుంది. ఇక్కడి రోజమండ్ థీసిస్ ముగించి పాపకు పాలు పడుతుంది. మగకవుల మాలలో మూగగా ఉన్న స్త్రీకి నోరు వచ్చి, ఆ నోటితో అరిస్తే ఎలా ఉంటుందో నవల చూపించింది అని మీరు వాదిస్తే నేను కాదనను. విమర్శకులు ఏమన్నా అనుకోనీ, పక్కా ఆధారం అచ్చులో ఉంది.

లిడియా రాతప్రతి ఘట్టం కూడా వదలకండి. ఫ్లాట్‌లో అద్దెకున్న లిడియా గుట్టుగా రోజమండ్ మీదే నవల రాస్తుంటుంది. రోజమండ్ దొంగతనంగా చదివి, తన చదువంతా జీవితం నుంచి పారిపోవడమేనని అందులో ఉండడం చూసి మండిపోతుంది. కొన్నాళ్ళకు పాప ఆక్టేవియా పాకుతూ ఆ గదిలోకి వెళ్ళి, కాగితాలు చింపి నమిలేస్తుంది. పిల్లా పుస్తకమా, రెండూ కుదరవు అని స్త్రీ రచయితలకు తరతరాలుగా చెప్పిన మాటను డ్రాబుల్ అక్షరాలా తీసుకుని, పిల్లచేత పుస్తకం తినిపించింది. తమాషా ఏమిటంటే, తిన్నది తల్లి రాసుకున్నది కాదు, తల్లి గురించి ఇంకొకరు రాసింది.

నవల పేరు ‘ది మిల్‌స్టోన్’ గురించి అడిగారు, తెలుగులో ‘గుదిబండ’ అనొచ్చా అని. అనొచ్చు, కానీ సగం అర్థం పోతుంది. గుదిబండ అంటే దుడుకు గొడ్డు పారిపోకుండా మెడకు కట్టే మొద్దు. అప్పుడు బిడ్డ తల్లికి భారం అని మాత్రమే వస్తుంది. ఇంగ్లీషు పాఠకుడికి మిల్‌స్టోన్ అన్న మాట వెనక మత్తయి సువార్త 18వ అధ్యాయం కూడా వినిపిస్తుంది: ఈ చిన్నవారిలో ఒకరికి కీడు చేసేవాడి మెడకు పెద్ద తిరుగటిరాయి కట్టి సముద్రంలో ముంచడం మేలని. మన తెలుగు బైబిల్లో ఉన్న మాట ‘తిరుగటిరాయి’. అలా చదివితే రాయి ఎవరి మెడకు? బిడ్డను కన్నదానికా, వార్డు తలుపు మూసినవాళ్ళకా, ‘యు’ అని రాసినవాళ్ళకా? నన్నడిగితే ‘తిరగలి రాయి’ అంటాను. ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని తిప్పే వస్తువు అది. రోజమండ్‌కి ఎదురుగా కూర్చునే రెండో మనిషి లేదన్నది కూడా ఆ పేరులో వస్తుంది. ఇది నా యావ అనుకోండి, థీసిస్‌లో పెట్టాల్సిన పనిలేదు.

థియరీ ఎంత, ఎక్కడ? షోవాల్టర్ చెప్పిన మూడు దశలు పరిచయంలో ఒక పేరాతో ముగించండి. పూర్వపు రచయిత్రులు మగ ప్రమాణాలను అనుకరించడం, తర్వాత ఎదిరించడం, 1920 తర్వాత తమ అనుభవాన్ని తామే కొలతగా పెట్టుకోవడం. డ్రాబుల్ మూడోదాంట్లోకి వస్తుంది, కానీ ఆ పెట్టెలో పడేసినంత మాత్రాన ఏమీ చెప్పినట్టు కాదు. ఇంకో స్త్రీవాద విమర్శకురాలు టోరిల్ మోయ్ 1985లో షోవాల్టర్ పద్ధతిని విమర్శించింది: రచనను రచయిత్రి అనుభవానికి కిటికీలా చూస్తున్నారు, భాష చేసే పనిని మరిచిపోతున్నారు అని. అది మీకు పనికొస్తుంది, ఎందుకంటే మీరు చూపించబోయేది రోజమండ్ భాష ఎక్కడ తెగిందో. అరుపు కనబడింది కదా అని ఫ్రాన్స్‌లో రాసిన సిద్ధాంతకర్త జూలియా క్రిస్టేవాను తెచ్చి ‘సెమియోటిక్’ (భాషలో అర్థానికి ముందుండే లయ, ధ్వని) అనే మాట అతికించకండి. మా దగ్గరికి వచ్చే డిసర్టేషన్లలో పదింట ఏడు ఇలాగే ఉండేవి. అది వాడాలంటే ఆమెను నిజంగా చదవాలి. లేకపోతే వైవాలో ఎక్స్‌టర్నల్ అదే మాట మీద కూర్చుంటారు.

సినిమా కూడా ఉంది, ‘ఎ టచ్ ఆఫ్ లవ్’, 1969. స్క్రీన్‌ప్లే డ్రాబుల్‌దే, దర్శకుడు లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్, జార్జ్‌గా ఇయాన్ మెకెలెన్. దొరికితే చూడండి, ఆసుపత్రి సీను కోసం. నవలను ఆడియోలో విన్నంత ఉపయోగం ఉండదు గానీ, రోజమండ్ గొంతు తీసేసి ముఖం మాత్రమే చూపిస్తే ఎంత కోల్పోతామో తెలుస్తుంది.

మిగిలింది చివరి సీను. ప్రతి ఏడాదీ ఒకరైనా అడిగేవారు, జార్జ్‌కి ఎందుకు చెప్పలేదు మేడమ్, అతను మంచివాడే కదా అని. అబ్బాయిలు ఎక్కువ అడిగేవాళ్ళు, కాస్త నొచ్చుకుని. ఆమె స్వేచ్ఛ కోసం అని రాస్తే సగమే నిజం. ఆ రాత్రి పాప వయసు గురించి కూడా ఆమె అబద్ధం చెప్తుంది, అతనికి లెక్క తగలకుండా. అడగకూడదు, ఇబ్బంది పెట్టకూడదు అన్న ఆ పాత మర్యాదే మళ్ళీ తిరిగి వచ్చింది. వార్డు ముందు పగిలిన గాజు ఇక్కడ మళ్ళీ అతుక్కుంది. పాపను చూడ్డం కోసం అరవగలిగిన మనిషి, తన కోసం నోరు తెరవలేదు. మీ చివరి చాప్టర్ ఇక్కడ మొదలుపెట్టండి. అరిచిన సీను, చెప్పకుండా ఊరుకున్న సీను, రెండూ చేత్తో రాసుకుని పక్కపక్కన పెట్టుకోండి. రోజమండ్ ‘క్షమించండి’ అన్న ప్రతిచోటా ఎర్ర గీత పెట్టండి. గీతలు ఏ కాగితం మీద ఎక్కువున్నాయో లెక్కపెట్టాక గైడుగారి దగ్గరికి వెళ్ళండి.